తలుపుకు కట్టిన పూలు: జార్జ్ జోన్స్ 1980 నాటి ఎల్పీ రికార్డుపై సమీక్ష

అమెరికా పల్లెపాటల నుంచి పుట్టిన కంట్రీ సంగీతంలో అన్నిటికంటే విషాదమైన పాట ఏదని ఆ సంగీతం ఎరిగినవాళ్ళను అడిగితే, ఎక్కువమంది చెప్పే పేరు జార్జ్ జోన్స్ పాడిన "హి స్టాప్డ్ లవింగ్ హర్ టుడే". ఆ పాటతో మొదలయ్యే "ఐ యామ్ వాట్ ఐ యామ్" అనే ఆల్బమ్‌ను ఎపిక్ సంస్థ 1980లో విడుదల చేసింది. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది ఆ ఆల్బమ్ తాలూకు పాత ఎల్పీని. బెంగళూరులో సెకండ్ హ్యాండ్ రికార్డులు అమ్మే ఒక చిన్న దుకాణంలో ఇది దొరికింది. వైపుకు ఐదు చొప్పున పది పాటలు, రెండు వైపులూ కలిపి అరగంటకు కాస్త అటూ ఇటూ. ఘంటసాల పాటలు వింటూ పెరిగిన తెలుగువాళ్ళకు ఈ రికార్డు ఎంతవరకు పట్టుబడుతుంది, ఎక్కడ విసుగు పుట్టిస్తుంది, డబ్బు పెట్టి కొనదగినదేనా అన్నదే ఇక్కడి విషయం.

ముందు వస్తువు సంగతి. అట్ట మీద అంటించిన చీటీలో "చాలా మంచి స్థితి" అని రాసి ఉన్నప్పటికీ, కింది అంచున ఎప్పటిదో తడి మరక స్పష్టంగా కనిపిస్తోంది, లోపలి కాగితం కవరు కూడా అసలుది కాదు. వెల కొత్త రికార్డు వెలలో సగం కూడా లేదు కనుక ఆ మరకను పెద్ద దోషంగా ఎంచనక్కర లేదు. రికార్డు మీద లోతైన గీతలు లేవు. అసలు పాట మొట్టమొదట ఉండడం ఒక రకంగా మేలే అయింది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్ల చొప్పున ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి, వెలుపలి అంచున ఒక్కో చుట్టులో సూది నడిచే దారి పొడవుగా ఉండి శబ్దం గాడిలో విశాలంగా ఇముడుతుంది. లోపలికి పోయేకొద్దీ ఆ దారి పొట్టిదై, "స", "ష" వంటి అక్షరాలు పలికినప్పుడు కొంచెం బరబరలాడుతుంది. అయితే సూది దించేది, దుమ్ము ఎక్కువగా చేరేది కూడా వెలుపలి అంచునే. పాట చాలా తక్కువ వాద్యాలతో, దాదాపు మాట్లాడుతున్నంత నెమ్మదిగా మొదలవుతుంది కనుక తొలి చరణం కింద చిటపటలు వినిపిస్తాయి. మెత్తటి బ్రష్షుతో తుడిచిన తర్వాత చాలావరకు తగ్గాయి. చెన్నై ఉప్పుగాలి కంటే బెంగళూరు వాతావరణం రికార్డులకు మంచిదే గాని, ఇక్కడ కూడా వానాకాలంలో అట్టలకు బూజు పట్టక మానదు. నిలువుగా, గాలి ఆడేచోట పెట్టుకోవాలి.

ఇక పాట. దీన్ని రాసినవారు బాబీ బ్రాడాక్, కర్లీ పుట్‌మన్. విడాకుల మాట బిడ్డకు అర్థం కాకూడదని తల్లి దాన్ని అక్షరం అక్షరంగా విడదీసి పలికే ఒక ప్రసిద్ధమైన పాటను కూడా ఈ ఇద్దరే రాశారు. దాన్ని 1968లో టామీ వైనెట్ పాడింది. ఆ మరుసటి ఏడాదే ఆమె జార్జ్ జోన్స్‌ను పెళ్ళి చేసుకుంది, 1975లో విడాకులు తీసుకుంది. అందువల్ల 1980లో ఈ పాట రేడియోలో విన్నవాళ్ళలో చాలామంది, అతడు పాడుతున్నది టామీ గురించేనని తీర్మానించుకున్నారు. ఆ తీర్మానం పాటకు కలిసివచ్చింది కూడా. అప్పటికి జోన్స్ మద్యానికీ కొకైన్‌కూ బానిసై, కచేరీలకు రాకుండా ఎగ్గొడుతూ "నో షో జోన్స్" అని పేరు తెచ్చుకుని ఉన్నాడు. నిర్మాత బిల్లీ షెరిల్ మొదట వచ్చిన పాటతో తృప్తి పడలేదు. ఆ స్త్రీ తిరిగి వచ్చే ఘట్టం ఒకటి కావాలని పట్టుబట్టి రచయితలచేత మళ్ళీ రాయించాడు. జోన్స్‌కు పాట నచ్చనే లేదు. ఇంత చావు పాటను ఎవరు కొంటారని తిట్టుకున్నాడు, రికార్డింగు గదిలో వరస తప్పి పదే పదే మరో గాయకుడు క్రిస్ క్రిస్టాఫర్సన్ పాట వరసలోకి జారిపోయాడు. పాటలో నాలుగు పంక్తులు రాగం లేకుండా మామూలు మాటల్లో చెప్పాలి. తాగిన నాలుకతో పాడగలిగాడు గాని మాట్లాడలేకపోయాడని, ఆ నాలుగు మాటల కోసం చాలాకాలం ఆగవలసి వచ్చిందని నిర్మాత, గాయకుడు ఇద్దరూ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. 1980 జూలైలో ఆ పాట బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది, జోన్స్‌కు గ్రామీ పురస్కారం వచ్చింది, కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ దాన్ని వరుసగా రెండేళ్ళు ఉత్తమ గీతంగా ఎంపిక చేసింది. మూడు నిమిషాల పాట ఒకటి తన నలభై ఏళ్ళ వృత్తిని నిలబెట్టిందని జోన్స్ తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

కథ చాలా చిన్నది. చచ్చేదాకా నిన్ను ప్రేమిస్తూనే ఉంటానని ఒకడు ఒకామెతో అంటాడు. కాలం గడిస్తే అదే మరచిపోతావని ఆమె వెళ్ళిపోతుంది. అతడు ఆమె ఫొటోను గోడకు తగిలించుకుంటాడు, 1962 నాటి ఉత్తరాలు కొన్ని మంచం పక్కన పెట్టుకుంటాడు, వాటిలో ప్రేమిస్తున్నానన్న మాట వచ్చిన ప్రతిచోటా ఎర్ర గీత గీసుకుంటాడు. ఇదంతా చెబుతున్నవాడు అతడి స్నేహితుడు. ఆ స్నేహితుడు ఆనాడే అతణ్ణి చూడడానికి వెళ్తాడు. కళ్ళలో నీరు లేదు, ప్రయాణానికి సిద్ధమైనట్టు మంచి బట్టలు కట్టుకుని ఉన్నాడు, ఎన్నో ఏళ్ళ తర్వాత ముఖాన నవ్వు ఉంది. అప్పుడు పల్లవి వస్తుంది: ఆమెను ప్రేమించడం అతడు ఈరోజు మానేశాడు, అతడి తలుపుకు పూలచక్రం కట్టారు.

ఇక్కడే తెలుగు శ్రోతకు ఒక చిక్కు ఉంది. మనకు తలుపుకు పూలు కట్టడం శుభానికి గుర్తు. పండుగకో పెళ్ళికో తప్ప ద్వారానికి బంతిపూలు ఎక్కవు. అమెరికాలో ఆ కాలం దాకా, చావు జరిగిన ఇంటి తలుపుకు పూలచక్రం తగిలించే ఆచారం అందరికీ తెలిసినదే. హిందూపురం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మామగారికి ఇంగ్లీషు బాగా వచ్చు గాని ఆ యాస పట్టుబడదు కనుక, పాట నడుస్తుండగా పంక్తి వెంట పంక్తి అర్థం చెబుతూ వచ్చాను. పూలచక్రం దాకా వచ్చేసరికి ఆయన, "ఏం నాయనా, వాళ్ళింట్లో పెండ్లి పెట్టుకున్నారా?" అని అడిగారు. "కాదు మామా, వాళ్ళ దిక్కు అది చావు ఇంటి గుర్తు" అన్నాను. కొంచెం ఆలోచించి, "అట్లయితే ఆ కొత్త బట్టలు, ఆ నవ్వు, అదంతా పాడె మీదనా!" అన్నారు. పాట ఏ శ్రోతకైనా పెట్టే పరీక్ష అదే. చనిపోయాడన్న మాట పల్లవి దాకా ఎక్కడా రాదు, పల్లవిలో కూడా సూటిగా రాదు. విన్నవాడు వెనక్కి వెళ్ళి ముందు విన్న నవ్వును, బట్టలను, కన్నీళ్ళు లేని కళ్ళను తనంతట తాను సరిచూసుకోవాలి. ఏడుపు పుట్టేది గాయకుడు చెప్పినందువల్ల కాదు, ఆ సరిచూసుకోవడంలో. మామగారు ఒక్క క్షణం ఆలస్యంగా గ్రహించారు గనుక ఆ దెబ్బ ఆయనకు అమెరికన్ శ్రోత కంటే గట్టిగానే తగిలిందని నా అనుమానం.

ఈ ఒక్క మలుపును గురించి మన అలంకారశాస్త్రం ఏనాడో చెప్పి ఉంచింది. విప్రలంభ శృంగారంలోనూ (ప్రేమికుల ఎడబాటు) కరుణంలోనూ (శోకం) కనిపించే లక్షణాలు చాలావరకు ఒకటే అయినప్పుడు వాటిని వేరు చేసేది ఏమిటన్న ప్రశ్నకు, నాట్యశాస్త్రం ఇచ్చే సమాధానం ఆశ: ఎడబాటులో మళ్ళీ కలుస్తామన్న అపేక్ష మిగిలి ఉంటుంది, కరుణంలో ఆ అపేక్ష ఉండదు. విషాద గీతాలలో ఎక్కువ భాగం ఈ రెండింటిలో ఏదో ఒకదానిలోనే ఉండిపోతాయి. ప్రేయసి వదిలేసి వెళ్ళిన పాటలన్నీ మొదటిదానిలో, చనిపోయినవారిని తలచుకునే పాటలు రెండోదానిలో. జోన్స్ పాట మాత్రం మొదటిదానిలో నడుస్తున్నట్టు మనల్ని నమ్మించి, పల్లవి మొదటి మాటతో రెండోదానిలోకి తోస్తుంది. గోడ మీది ఫొటో, దాచుకున్న ఉత్తరాలు, గీసిన ఎర్ర గీతలు అన్నీ అంతవరకు ఆశకు గుర్తులు. ఆ మాట వినగానే అవే పోయినవాడి సామాను అయిపోతాయి. వస్తువులు మారలేదు, మన చూపు మారింది. షెరిల్ పట్టుబట్టి రాయించిన ఘట్టం ఆ తర్వాత వస్తుంది: ఆమె చివరిసారి చూడడానికి వస్తుంది. కలయిక జరిగింది, జరగవలసిన మనిషి లేడు. వ్యాపార దృష్టితో పనిచేసే నిర్మాత ఈ చోటును ఇంత సరిగ్గా పట్టుకోవడం నన్ను ఆశ్చర్యపరుస్తుంది, ఎందుకంటే అదే మనిషి ఈ రికార్డులో కొన్ని ఇతర పాటలను వయొలిన్లతో నింపి పాడుచేశాడు.

కథను స్నేహితుడి నోట చెప్పించడం కూడా తక్కువ ఎంపిక కాదు. నేను ఏడుస్తున్నాను అని గాయకుడే అంటే మనం అతడిని చూస్తూ ఊరుకుంటాం. వాడు ఇలా ఉండేవాడు అని మరొకరు చెబితే ఆ చెప్పేవాడితో కలిసి మనమూ వాడి ఇంటికి వెళ్తాం. మన పెళ్ళిళ్ళలో అప్పగింతల పాటలు పాడేది పెళ్ళికూతురు కాదు, చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు; పందిట్లో అంతవరకు నవ్వుతున్నవాళ్ళంతా కళ్ళు తుడుచుకునేది ఆ పాటలకే. దుఃఖం ఒకరిది, గొంతు మరొకరిది అయినప్పుడు వినేవాళ్ళకు చోటు మిగులుతుంది.

గొంతు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జోన్స్ స్వరాన్ని నేరుగా పట్టుకోడు. కింది నుంచి జారుతూ వచ్చి దాని మీద వాలతాడు, వాలిన తర్వాత కూడా కొంచెం కదుపుతాడు. గమకాలకు అలవాటు పడిన చెవికి ఇది వెంటనే సొంతమనిపిస్తుంది, సూటిగా నిలబెట్టి పాడే పాశ్చాత్య గాత్రాలు నచ్చని మామగారు కూడా ఇతడి విషయంలో అభ్యంతరం చెప్పలేదు. కంట్రీ పాటలకు ప్రాణమైన స్టీల్ గిటారు చేసేదీ అదే పని. మెట్ల మీద వేలితో నొక్కకుండా, తీగల మీద ఒక లోహపు కడ్డీని జరిపి వాయించే ఆ పద్ధతి హవాయి దీవుల నుంచి అమెరికాకు వచ్చింది. మన గోటువాద్యంలో తీగల మీద కర్రముక్కను జరిపి రాగం పలికించడం విన్నవాళ్ళకు ఆ జారుడు కొత్త కాదు. ఈ పాటలో చరణాలు కింది స్థాయిలో, దాదాపు గొణుగుడుగా నడిచి, పల్లవి దగ్గర వయొలిన్లు మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతాయి. మాటలు నడిచేచోట వెనక వినిపించే మాటలు లేని పై గొంతు మిల్లీ కిర్కమ్ అనే గాయనిది. చవకబారు స్పీకర్లలో ఆ గొంతు వయొలిన్లలో కలిసిపోతుంది, మంచి హెడ్‌ఫోన్లలో విడిగా తెలుస్తుంది.

మొదటి వైపున మిగిలిన పాటలలో నాకు బాగా నచ్చింది నాలుగోది, "ఇఫ్ డ్రింకిన్ డోంట్ కిల్ మి". తాగుడు తనను చంపకపోతే ఆమె జ్ఞాపకం చంపుతుందనేది దాని సారం. తెల్లవారుజామున నాలుగు గంటలకు బార్లన్నీ మూతపడ్డాక ఇంటి ముందు కారు ఆపి, స్టీరింగు మీద తల వాలుస్తాడు. హారన్ మోగడం మొదలుపెట్టి వీధి వీధంతా లేస్తుంది. నవ్వొస్తుంది, నవ్వినందుకు సిగ్గేస్తుంది. మన తాగుడు పాటలతో దీన్ని పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 1953 నాటి "దేవదాసు"లో ఘంటసాల పాడిన "జగమే మాయ"లో, మధుపాత్ర చేతికి వచ్చేసరికి ప్రేమికుడు వేదాంతి అయిపోతాడు. 1971లో "ప్రేమనగర్" కోసం ఆత్రేయ రాసిన "మనసు గతి ఇంతే"లోనూ ఒక మనిషి బాధ మనుషులందరి తలరాతగా మారుతుంది. ఆ విస్తరణలో ఊరట ఉంది. జోన్స్ తాగుబోతుకు ఆ ఊరట లేదు. అతడు తత్వం చెప్పడు, ఇరుగుపొరుగు లేచారన్న సంగతి మాత్రం చెబుతాడు. ఏది గొప్ప అన్న వాదనకు నేను దిగను, ఎందుకంటే నాకు ఆత్రేయ పంక్తులు లేకుండా గడవదు. కాని వాస్తవంగా తాగి ఇంటికి చేరిన మనిషికి దగ్గరగా ఉన్నది ఆ హారనే.

రెండో వైపు గురించి ఎక్కువ రాయనక్కర లేదు. టామ్ టి. హాల్ రాసిన "ఐయామ్ నాట్ రెడీ యెట్" నిలకడగా ఉంది, 1980లో అదీ బాగా ఆడింది. తక్కినవి వినడానికి బాగానే ఉంటాయి, విన్నాక గుర్తుండవు. వదిలేసి వెళ్ళింది, నేను ఇలా అయ్యాను అన్న ఒకే విషయం చుట్టూ తిరుగుతూ, తన మీద తనకే జాలి పడే ధోరణిలోకి కొన్ని జారిపోయాయి.

ఈ రికార్డు నచ్చినవారు తర్వాత ఏం వినాలంటే, మొదట హ్యాంక్ విలియమ్స్ 1949లో రికార్డు చేసిన "ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై" వినాలి. అందులో కథే లేదు. రాత్రి పిట్ట కూత, దూరాన రైలు, మబ్బు చాటుకు పోయే చంద్రుడు, రాలే చుక్క, అంతే. విరహానికి వెన్నెలను, మేఘాన్ని, పక్షిని సాక్ష్యం పిలవడం మన కవులకు తాతల నాటి విద్య కాబట్టి తెలుగువాళ్ళకు దానికి ఏ వివరణా అవసరం లేదు. అంత పాట మొదట ఒక సరదా పాటకు రెండో వైపున వచ్చింది. దాన్ని పాడినవాడు 1953 జనవరి 1న, ఇరవై తొమ్మిదేళ్ళకే, కచేరీకి వెళ్తూ కారు వెనక సీటులో కన్నుమూశాడు. ఆ తర్వాత జానీ క్యాష్ 2002లో పాడిన "హర్ట్". అది మొదట కంట్రీ పాట కాదు, 1994లో ఒక రాక్ బృందం కోసం ట్రెంట్ రెజ్నర్ రాసింది. డెబ్బై ఏళ్ళ క్యాష్ వణికే గొంతులో అదే పాట ఒక మనిషి జీవితకాలపు లెక్క అయింది. భార్య జూన్ కార్టర్ 2003 మేలో, ఆయన అదే ఏడాది సెప్టెంబరులో పోయారు. ఈ రెండూ జోన్స్ పాటకంటే తక్కువవి కావు. కాని చివర దాకా ఒక సంగతి దాచి ఉంచి, వినేవాడిచేతనే దాన్ని బయటపెట్టించే పనితనం వాటిలో లేదు, వాటి ఉద్దేశం కూడా అది కాదు.

ఇటువంటి పాటలు మనిషిని కుంగదీస్తాయన్న భయం కొందరికి ఉంటుంది. రేడియోలో కంట్రీ పాటలు ఎక్కువగా వినిపించే నగరాలలో ఆత్మహత్యలు ఎక్కువని 1992లో ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు వాదించగా, ఇతర పరిశోధకులు ఆ వాదాన్ని తప్పుపట్టారు; 2004లో దానికి నవ్వు తెప్పించే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ దక్కింది. నాకు కనిపించినంతలో ఈ పాటల వాడుక వేరు. 2013 ఏప్రిల్‌లో జోన్స్ మరణించాక నాష్‌విల్‌లో కంట్రీ సంగీతానికి పేరుమోసిన వేదిక గ్రాండ్ ఓల్ ఆప్రీ హౌస్‌లో జరిగిన అంత్యక్రియల సభలో, గాయకుడు విన్స్ గిల్ తన అన్న మరణం తర్వాత పూర్తి చేసిన పాటను పాడబోయి మధ్యలో గొంతు పూడిపోయి ఆగిపోయాడు, పక్కనున్న ప్యాటీ లవ్‌లెస్ పాటను నిలబెట్టింది. చివరలో అలన్ జాక్సన్ పాడింది "హి స్టాప్డ్ లవింగ్ హర్ టుడే". ఎవరూ కొనరని జోన్స్ విసుక్కున్న చావు పాటే అతడి చావుకు వచ్చినవాళ్ళందరికీ కలిసి ఏడవడానికి పనికొచ్చింది.

కొనాలనుకునేవారికి నా సలహా ఇది. పాటలు మాత్రమే కావాలంటే స్ట్రీమింగులో వింటే చాలు, ఎల్పీకి డబ్బు పెట్టనక్కర లేదు. కాని స్ట్రీమింగులో ఈ పాట తర్వాత యంత్రం తనంతట తాను మరో పాట ఎత్తుకుంటుంది కాబట్టి, ఆ సదుపాయాన్ని ముందే ఆపుకోండి. రికార్డే కావాలంటే బెంగళూరు దుకాణాలలో ఈ ఆల్బమ్ ఎప్పుడూ ఉండదు. చర్చ్ స్ట్రీట్ చుట్టుపక్కల పాత వస్తువులు చూసే అలవాటు ఉన్నవాళ్ళు దుకాణదారుకు చెప్పి ఉంచితే, వచ్చినప్పుడు పక్కన పెడతారు. అట్ట మీది చీటీని నమ్మవద్దు. దుకాణంలోని ప్లేయరు మీద మొదటి పాటను కాక, మొదటి వైపున చివరిదైన ఐదో పాటను వేయించుకుని వినండి. రికార్డు అరిగిందీ లేనిదీ ముందుగా తెలిసేది లోపలి గాళ్ళలోనే. అక్కడ "స"కారాలు మరీ చీల్చినట్టు వినిపిస్తే బేరం ఆడకుండా తిరిగి ఇచ్చేయండి.